ఈరక్క రాళ్ళ దగ్గర పేరు పిలిస్తే

మంగళవాడ దాటి సోలార్ కంచె వెంబడే పోతే ఒకచోట ప్యానెళ్ళ వరసలు ఉన్నట్టుండి తెగిపోతాయి. అక్కడ చిన్న బీడు. బీడు నడుమ మనిషెత్తు రాళ్ళ కుప్ప. ఈరక్క రాళ్ళంటారు. పొద్దు గూకాక ఆ దోవన పోయేవాళ్ళు బీడీ వెలిగించరు, వెనక్కి తిరిగి చూడరు, అన్నిటికన్నా ముఖ్యం — ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకరు.

ఇప్పుడక్కడ తిరిగేది మగ దెయ్యమనీ, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా వేసుకుంటుందనీ, ఎదురైనవాళ్ళనల్లా "నేనెవురో తెల్సునా?" అని అడుగుతుందనీ చెప్పుకుంటున్నారు. అది తర్వాతి ముచ్చట. మొన్నమొన్నటిదాకా ఆ చోటి చెడ్డపేరంతా ఈరక్కదే. చచ్చాక కూడా చెడ్డపేరు మోయాల్సింది ఆడదే కదా.

గొర్రెల నల్లప్పకు జరిగింది ఊరందరికీ తెలుసు. మబ్బు పట్టిన సాయంత్రం మంద తోలుకుని ఆ బీడు పక్కగా వస్తుంటే, కుప్ప చుట్టూ దీపాలు... నేల మీద కాదు, గాల్లో, మనిషి నుదుటి ఎత్తున. ఆపైన ఆడగొంతు ఒక్కో పేరే పిలుస్తోంది. అన్నీ చచ్చిపోయినవాళ్ళ పేర్లు. ఆఖర్న ఆ గొంతు —

"నల్లప్పా..."

గొర్రెల్ని అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి మంచం పట్టాడు. జ్వరంలో కూడా ఒకటే మాట: "నేను పలకలేదు... నేను పలకలేదు..."

ఈరక్క ఎవరో చెప్పాలంటే ఆంజినప్ప పేరు ఎత్తక తప్పదు. ఆంజినప్ప ఎవరో తెలియనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. గోడ గోడకీ ఉన్నాడు, చేతులు జోడించి.

ముప్పై ఏళ్ళ కిందట అతనికి ఒకటే చొక్కా. దున్నేవాళ్ళ సంఘం అని ఒకటి పెట్టి ఊరూరూ తిరిగేవాడు. సంఘంలో కుర్చీ ఉండకూడదు, అందరూ నేల మీదే కూర్చోవాలి, ఆడవాళ్ళే ముందు మాట్లాడాలి — ఇవి అతను పెట్టిన కట్టుబాట్లే. అప్పట్లో ఆ నేలంతా సర్కారు బీడు. అనుభవించేది మాత్రం దొడ్డమనె వాళ్ళు. ఆ పెద్దింటిని అందరూ అలాగే పిలిచేవాళ్ళు, గొంతు తగ్గించి.

బీడు దున్నుదామని సంఘం పూనుకున్న రోజు దొడ్డమనె మనుషులు కర్రలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. అంతే, సంఘంలోని మగాళ్ళందరికీ ఎద్దులకు నీళ్ళు పెట్టే పని గుర్తొచ్చింది. ఆడది నాగలి ముడితే వానలు పోతాయంటారు. ఈరక్క ముట్టింది. మేడి పట్టింది ఈరక్క, ఎద్దుల పగ్గం పట్టింది ఆమె జతగత్తె లక్ష్మీదేవమ్మ — ఆంజినప్ప భార్య. ఆంజినప్ప వెనక నిలబడి నినాదాలిచ్చాడు. గొంతు మంచిది.

వారం తిరక్కుండా ఈరక్క తను దున్నిన చాలులోనే శవమై దొరికింది. ఇంట్లో పాలు తాగే బిడ్డ, ధనలక్ష్మి.

కానిచావు చచ్చినవాళ్ళు పడిన చోట దోవన పోయే ప్రతివాళ్ళూ ఒక రాయి వేసి పోవడం ఆ సీమలో ఉన్నదే. దెయ్యం పైకి లేవకుండా. సంఘం ఆ ఆనవాయితీకి ఇంకో ముడి వేసింది: రాయి వేసేవాళ్ళు ఊరికే వేయకూడదు, ఒట్టు పెట్టి వేయాలి. వేసిన రాయి తీయకూడదు. తీసేదే అయితే వేసినవాడే తీయాలి, తన మాట కూడా మూటగట్టుకుని పోవాలి.

మొదటి రాయి ఆంజినప్పది. రాయి నెత్తికెత్తుకుని అతను అరిచింది ఇప్పటికీ చెప్పుకుంటారు: "ఈ నేల దున్నినోళ్ళ పేరున పడేదాకా నేను కుర్చీలో కూసోను!"

ఆ రాళ్ళ మీదుగానే ఓట్లొచ్చాయి. పంచాయతీ సంఘానిదైంది, తర్వాత తాలూకా, తర్వాత జిల్లా. కుర్చీ మొదట అతిథుల కోసమని వచ్చింది. తర్వాత మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ కోసమని. సంఘంలో అందరికన్నా ముందు మోకాళ్ళ నొప్పి వచ్చింది ఆంజినప్పకే.

పట్టాలూ వచ్చాయి. "ఇంటికొక పట్టా, యజమాని పేరున" అన్నారు. యజమాని అంటే మీసమున్నవాడని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు కదా. మగదిక్కు లేదు కాబట్టి ఈరక్క కూతురికి పట్టా లేదు. దున్నేటప్పుడు సగం ఆకాశం, సగం భూమి అని పాటలు కట్టినవాళ్ళు పంచేటప్పుడు ఆ పాట మర్చిపోయారు. తర్వాత్తర్వాత ఆ పట్టాల్లో మంచివన్నీ ఆంజినప్ప బావమరుదుల చేతికి ఎలా చేరాయో ఎవరూ అడగలేదు. అడిగినవాళ్ళను సంఘద్రోహులన్నారు.

ఆపైన సోలార్ వచ్చింది. పట్టా ఉన్నవాళ్ళకు కౌలు. లేనివాళ్ళకు చెనక్కాయ చేలల్లో కూలి కూడా పోయింది. ఆ పల్లెల్లో ఎండ కూడా కౌలుకు పోయిందంటే అతిశయోక్తి కాదు. ఏ నేలలో కలుపు తీశారో ఆ నేల మీదే ఆడవాళ్ళు ఇప్పుడు అద్దాలు తుడుస్తున్నారు. ఇక దొడ్డమనె పెద్దాయన మనవడంటారా, అతను ఆంజినప్ప పార్టీలోనే ఉన్నాడు. పుట్టినరోజు ఫ్లెక్సీలో ఇద్దరూ చెంపా చెంపా ఆనించుకుని నవ్వుతుంటారు.

మిగిలింది ఆ కాస్త బీడు. కుప్ప ఉంది కాబట్టి ఎవరూ ముట్టలేదు. అదన్నా మా ఆడోళ్ళ పేరున రాయించండి మామా అని ధనలక్ష్మి ఆంజినప్ప ఆఫీసుకు పోయి అడిగింది. కూర్చోమనలేదు. నిలబడే అడిగింది. "సూద్దాంలేమ్మా" అన్నాడు, ఫోన్ చూసుకుంటూ.

చూశాడు. ఆ బీడులో ప్యానెళ్ళ కొత్త బ్లాకుకు శంకుస్థాపన, బెంగళూరు నుంచి పార్టీ పెద్దలు వస్తారు, అది సవ్యంగా జరిగితే ఈసారి అసెంబ్లీ టికెట్ తనదే. తెల్లారేసరికి కుప్ప కనపడకూడదు. పగలు తీయిస్తే ఆడవాళ్ళు అడ్డం పడుకుంటారు.

రాత్రి తీయడానికి ఏ జేసీబీవాడూ ఒప్పుకోలేదు. ఆఖరికి నాగలమడిక నుంచి నందీష్ వచ్చాడు, బండి రోడ్డు మీదే ఆపి దిగాడు.

"మొదటి రాయి నువ్వు తియ్యన్నా. ఏసింది నువ్వే గదా. ఆ పైన నేను తోసేస్తా."

"ఏందప్పా నీ మూఢనమ్మకాలు! యా కాలంలో ఉండావు?" అన్నాడు ఆంజినప్ప. అతని వేలువేలికీ రంగురాళ్ళ ఉంగరాలు, కారుకు కట్టిన నిమ్మకాయలు పొద్దున మార్చినవి.

"నీకేమిలే అన్నా, లీడరువి. నాకు ఇంట్లో పిల్లోళ్ళుండారు. నువ్వు రాయి తీసి కేకేస్తే నేనొస్తా."

ఆంజినప్ప ఒక్కడే బీడులోకి నడిచాడు.

రెండు పక్కలా ప్యానెళ్ళు... నల్లటి నీళ్ళు నిలబడిన చెరువుల్లా. వాటి మీద నెలవంక ముక్కలు ముక్కలై పడి ఉంది. ఎక్కడో యంత్రాల హోరు, ఆగకుండా, పళ్ళు బిగించి ఎవరో మూలుగుతున్నట్టు. చెప్పు కింద పల్లేరుకాయ నలిగితే ఉలిక్కిపడ్డాడు. తనను తాను తిట్టుకున్నాడు. ఈ బీడులో చీకట్లో ఎన్నిసార్లు తిరగలేదు! అప్పుడు చెప్పులు కూడా లేవు.

కుప్ప కనపడింది.

కుప్ప చుట్టూ... దీపాలు.

నేల మీద కాదు. నుదుటి ఎత్తున.

ఫోన్ టార్చి ఆర్పేశాడు. కంపచెట్టు వెనక్కి ఒదిగాడు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి, ఎవరో ఊదినట్టు. తర్వాత చీకట్లోంచి, నింపాదిగా, ఒక ఆడగొంతు —

"ఈరక్కా..."

ఆ వెంటనే ఎన్నో గొంతులు, ఒక్కసారి —

"ఉండాది."



"హొన్నమ్మా..."

"ఉండాది."

హొన్నమ్మ పోయి ఎన్నేళ్ళో. లాఠీ దెబ్బలకు మంచాన పడి పోయింది. ఆమె పాడె తనే మోశాడు.

"వెంకటరాముడూ..."

"ఉండాడు."

అతని మోకాళ్ళు, ఈసారి నిజంగానే, వణికాయి.

"నల్లప్పా..."

ఈసారి పలికింది గుంపు కాదు. ముసలి దగ్గు ఒకటి, ఆ వెనక —

"ఉండానమ్మో. జరం తగ్గింది."

పకపకా నవ్వులు.

"మొన్న పేరు పిలిస్తే గొర్రెల్నిడిసి లగెత్తితివే మామా!"

"దెయ్యాలనుకుంటి గదే. మీరింత మంది సీకట్లో కూసోనుంటారని నాకేం తెల్సు?"

"దెయ్యాలను మేస్త్రీ టైముకు రమ్మంటాడా యాడన్నా? మేమైతే రావాల."

ఆంజినప్ప ఊపిరి వదిలాడు. ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళు! ఎండకు కాగిన అద్దం మీద నీళ్ళు పడితే పగులుతుందని పొద్దు గూకాకే కడిగిస్తారు. నుదుటికి కట్టుకునే లైట్లు, గట్టుకు ఆనించిన పొడుగు కర్రల బ్రష్షులు, మధ్యలో సద్ది తినడానికి దొరికే కాస్త విడుపు... పనిలేని జనం అల్లిన దెయ్యం కథ ఇదా!

అయితే ఆ పేర్లు పిలిచే వరస? అది ఆంజినప్పకు తెలుసు. ఆ వరస పెట్టిందే తను. సంఘం మీటింగ్ మొదలు పెట్టేముందు అందరి పేర్లూ పిలవాలి, చచ్చినవాళ్ళవి కూడా. చచ్చినవాళ్ళ బదులు అందరూ పలకాలి. మనం పలికినంత కాలం వాళ్ళు పోలేదని అప్పుడతనే చెప్పాడు.

భయం పోయి కోపమొచ్చింది. సంఘం ముద్ర తన బీరువాలో ఉంది. జెండా తన కారు మీద ఉంది. వీళ్ళెవరు సంఘం పెట్టడానికి? చెట్టు చాటు నుంచి కాలు బయట పెట్టబోయాడు.

"లక్ష్మీదేవమ్మా..."

"ఉండా."

కాలు అక్కడే ఆగింది. భజనకు పోతున్నానని రోజూ సాయంత్రం ఇంట్లోంచి బయల్దేరే గొంతు. అన్నం పెట్టేదా అని అడగడం తప్ప ఆ గొంతులో ఇంకో మాట విని ఎన్నాళ్ళైందో అతనికి గుర్తులేదు.

తర్వాత ధనలక్ష్మి — పేర్లు పిలుస్తున్నది ఆమే — కాస్త ఆగింది. ఎవరో సణిగారు. "వొద్దులేవే. యాల?" "పిలవాల. మొదటి రాయి ఆయప్పది గదా," అంది ధనలక్ష్మి.

"ఆంజినప్పా..."

రాత్రిపూట పేరు పిలిస్తే మొదటిసారి పలకకూడదని అవ్వ చెప్పేది. పలకలేదు.

"ఆంజినప్పా..."

గొంతులో ఆ మాట తయారుగా ఉంది. ఉండా. ఈ నేల మీదే ఎన్ని వందల సార్లు అన్నాడో, పొట్టలో సంగటి లేకపోయినా గొంతు చించుకుని అన్నాడు. ఒక్క మాట. కానీ ఆ మాట అంటే పోయి వాళ్ళ నడుమ కూర్చోవాలి. నేల మీద. రోడ్డు మీద జేసీబీ వెనక్కి పోవాలి. రేపు వచ్చే పెద్దలు వెనక్కి పోవాలి.

చొక్కా చూసుకున్నాడు. తెల్లగా ఉంది.

"ఆంజినప్పా..." మూడోసారి ధనలక్ష్మి గొంతు మెత్తబడింది, పలికితే బాగుండునని అడుగుతున్నట్టు.

అతను నోరు మూసుకున్నాడు.

అప్పుడు లక్ష్మీదేవమ్మ అంది, పక్కింటివాళ్ళ సంగతి చెప్పినంత మామూలుగా:

"పోయినాడు."

"ఎప్పుడు వదినా?"

"శానా దినాలాయ. నేనే కనుక్కోలేకపోతి. దినామూ కూడు పెడ్తా ఉంటి గదా, తినేది ఎవురని సూడలా."



"అయితే రాయి ఎవురేస్తారు?"

"నేనే. తెచ్చుకోనుండా."

లక్ష్మీదేవమ్మ లేచింది. కొంగులోంచి తీసి రెండు చేతులా ఎత్తి కుప్ప మీద పెట్టింది. నున్నటి నల్లరాయి. వాళ్ళ ఇంటి రోటి గుండు. ఒకటే చొక్కా రోజుల్లో ఇద్దరూ కలిసి కొన్న మొదటి సామాను.

ఆంజినప్ప ఇక ఆగలేకపోయాడు. కంపలోంచి దూకినట్టు బయటికొచ్చాడు.

"ఏయ్! ఏందిది? బతికుండే మనిషికి రాయేస్తారా?"

ఒక్కసారిగా లైట్లన్నీ వెలిగాయి. అన్నీ అతని మీదే. తెల్లచొక్కా భగ్గున మెరిసింది.

ఎవరూ కేక పెట్టలేదు. ఎవరూ లేవలేదు. అంజినమ్మ అనే ముసలామె మాత్రం తాపీగా కాలి చెప్పు తీసి చేత పట్టుకుంది, దెయ్యానికి చూపించినట్టే. పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మింది.

"ఎవురూ పలకొద్దండక్కా," అంది ధనలక్ష్మి గొంతు తగ్గించి. "పలికితే ఎంటొస్తాది."

"సూడే, సచ్చినా ఇస్త్రీ పోలా," ఎవరో గుసగుసలాడారు.

"ధనలక్ష్మీ! నేనెవురో తెల్సునా? నేను తల్సుకుంటే రేపు ఒక్కదానికి పని ఉండదు!"

ధనలక్ష్మి సద్ది గిన్నె మూత పెట్టుకుంటోంది.

"నల్లప్పా, నువ్వన్నా సెప్పప్పా!"

నల్లప్ప కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. "నేను పలకలేదు..."

"లచ్చుమీ... ఇంటికి నడువు."

లక్ష్మీదేవమ్మ అతని వైపే చూసింది. చూపు అతనిలోంచి దూరి వెనకున్న కంపచెట్టు దాకా పోయింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"గాలి సల్లగా కొడ్తాండాది. పనికాడికి పాండి," అంది.

బ్రష్షులు భుజాన వేసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు, అతని పక్కనుంచే, అతను లేనట్టే. కొందరి కొంగులు తగిలాయి. తగిలిన చోట కొంగు దులుపుకున్నారు.

"నందీష్!" ఆంజినప్ప రోడ్డు వైపు తిరిగి అరిచాడు. వేలమందిని కూర్చోబెట్టిన గొంతు. "నందీష్! బండి తీస్కరా! నందీష్!"

రోడ్డు మీద జేసీబీ తలుపు ధడేలుమంది. ఆ వెనక పరుగు చప్పుడు... దగ్గరికి కాదు, దూరంగా. ఈరక్క రాళ్ళ దగ్గర రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే పలకడానికి నందీష్‌కేం పిచ్చా?

తనే తీస్తాననుకున్నాడు. కుప్ప ముందు వంగాడు. తనది మొదటి రాయి. మొదటిది అడుగున ఉంటుంది. దాని మీద అందరూ ఉన్నారు. పైనున్న గుండు మీద చెయ్యి వేశాడు. ఎండుమిరపకాయల వాసన. ఇంకా వెచ్చగా ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కారు సంగతే గుర్తురాక ఇంటికి నడుస్తుంటే ఫోన్ మోగింది. బెంగళూరు పెద్దాయన. "అన్నా, సెప్పన్నా," అన్నాడు ఆంజినప్ప. "హలో... హలో..." అంది ఫోన్. "నేనేనన్నా! ఆంజినప్పను!" అరిచాడు. "హలో..." ఆపైన పెద్దాయన పక్కనెవరితోనో అన్న మాట స్పష్టంగా వినపడింది: "లైన్లో ఎవురూ లేరప్పా."

సిగ్నల్ లేక అయి ఉంటుంది. ఆ కంచె వెంబడి సిగ్నల్ ఎప్పుడూ అంతంతే.

గ్రానైటు మేడ హాల్లో తన కుర్చీలో కూర్చుని తెల్లవార్లూ కాచుకున్నాడు. తెల్లవారుతుండగా లక్ష్మీదేవమ్మ వచ్చింది. అతని వైపు చూడకుండానే పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపటికి రాగి సంగటి వాసన. కడుపులో పేగులు అరిచాయి. అమ్మయ్య అనుకున్నాడు. ఆకలి ఉందంటే...

"ఆకలవుతాండాది లచ్చుమీ."

లక్ష్మీదేవమ్మ ఆకులో ముద్ద పెట్టింది. పక్కన ఇంత బెల్లం. ఆకు రెండు చేతులా పట్టుకుని అతని ముందుకొచ్చింది. అతను చెయ్యి చాపాడు. ఆమె అతన్ని దాటి వాకిట్లోకి పోయి, ఆకును కాంపౌండు గోడ మీద పెట్టి, నీళ్ళతో చెయ్యి కడుక్కుని, నాలుగడుగులు వెనక్కి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

అర్థమై ఆంజినప్ప నవ్వబోయాడు. గడపలోకి వచ్చి నిలబడ్డాడు. "బతికే ఉండా గదే," అన్నాడు. ఆమెతోనో, ఇంకెవరితోనో.

కరెంటు తీగ మీంచి కాకి దిగింది. ముద్ద చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ వంచి ముద్దను చూసింది. మెడ ఎత్తి గడపలో తెల్లచొక్కాను చూసింది.

ముట్టలేదు.